సువార్త వినని మనిషి: ఏథెన్సు సోక్రటీసు జీవితము



ఈ పత్రికలో మామూలుగా దైవజనుల జీవితములు, మిషనెరీల చరిత్రలు వ్రాస్తూ ఉంటాము. ఈసారి క్రైస్తవుడు కాని ఒక మనిషి జీవితము వ్రాస్తున్నాము. ఆయన యేసుప్రభువు జననమునకు సుమారు 400 సంవత్సరముల ముందే చనిపోయాడు. గ్రీకు దేవతలకు బలులు అర్పించే పట్టణములో పుట్టి, అక్కడే కన్నుమూశాడు. అటువంటి వాని కథ మనకెందుకు అని కొందరు అడగవచ్చు. అందుకు కారణము ముందుగా చెప్పుకుంటాము.

ఒక పెద్దాయన ప్రశ్న

చాలా సంవత్సరముల క్రితము మేము ఉంటున్న కాలనీలో ఒక గృహ ప్రార్థన కూటము జరిగింది. వాక్యము అయిన తర్వాత టీ ఇస్తున్నారు. అప్పుడు ఒక పెద్దాయన మెల్లగా ఒక మాట అడిగాడు. ఆయన చిన్నతనములోనే తల్లి చనిపోయింది. ఆమె యేసు నామము ఎన్నడూ వినలేదు. తన బిడ్డలకు చాలీచాలని గంజిలోనే, తల్లి లేని పక్కింటి పసివానికి కూడ భాగము పెట్టి పెంచిన మనిషి. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉన్నట్లు అని ఆయన ప్రశ్న.

మేము అప్పుడు యౌవనస్థులము, వాక్యమంతా తెలుసుననే ఆవేశములో ఉన్నాము. ఒక్క మాటలో జవాబు చెప్పేశాము. ఆ మాట ఏదో చెప్పనవసరము లేదు. ఆయన ఏమీ అనలేదు. టీ గ్లాసు కింద పెట్టి, చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడ మరణించే వరకు ప్రతి ఆదివారము ఆరాధనకు వచ్చాడు గాని, మమ్మల్ని మళ్లీ ఏ ప్రశ్నా అడగలేదు.

ఆ ప్రశ్న మా మనస్సులో ఉండిపోయింది. మన వారు అన్య భాషల మధ్య, అన్య మతస్థుల మధ్య కాపురముంటున్నారు. కష్టములో ముందుగా తలుపు తట్టేది చాలాసార్లు ఆ పొరుగువారే. మన పిల్లలు కూడ ఇదే ప్రశ్న వేస్తున్నారు. క్రైస్తవ సంఘములో దీనిని గూర్చి ఎవరు వాదించినా, మొదటి నుండి ఎక్కువగా ఉదాహరణకు తెచ్చిన పేరు సోక్రటీసు. అందుకే ఆయన జీవితము తెలుసుకోవడము మంచిది.

శిల్పి కుమారుడు

సోక్రటీసు క్రీ.పూ. 470 ప్రాంతములో గ్రీకు దేశమందలి ఏథెన్సు నగరములో జన్మించాడు. తండ్రి సోఫ్రోనిస్కస్ రాళ్లు చెక్కే పనివాడు. తల్లి ఫైనరేటి మంత్రసాని. తల్లి శిశువులను లోకములోనికి తెచ్చినట్లు తాను మనుష్యుల మనస్సులలోని ఆలోచనలను బయటికి తెస్తానని ఆయన చెప్పుకునేవాడట.

ఆయన స్వయముగా ఒక్క పుస్తకము కూడ వ్రాయలేదు. ఆయనను గూర్చి మనకు తెలిసినదంతా శిష్యులైన ప్లేటో, జెనోఫన్ వ్రాసినదే ముఖ్యముగా. ఆయన బ్రతికి ఉండగానే, క్రీ.పూ. 423లో, అరిస్టోఫనీస్ అనే నాటకకర్త ఆయనను ఎగతాళి చేస్తూ మేఘములు అనే నాటకము ఆడించాడు. పట్టణమంతా నవ్వింది. ఆ నవ్వు తర్వాత ప్రాణము మీదికి వచ్చింది.

ఆయన చూడ్డానికి అందగాడు కాడు. చప్పిడి ముక్కు, ఉబ్బిన కళ్లు. చలికాలములోను ఎండకాలములోను ఒకే పైవస్త్రము, కాళ్లకు చెప్పులు ఉండేవి కావు. ఏథెన్సుకు, స్పార్టాకు మధ్య క్రీ.పూ. 431 నుండి 404 వరకు జరిగిన పెద్ద యుద్ధ కాలములో ఆయన పొటిడేయా, డీలియమ్, ఆంఫిపోలిస్ అనే మూడు చోట్ల సిపాయిగా పోరాడాడు. పొటిడేయాలో గాయపడిన ఆల్సిబియడీస్ అనే యౌవనస్థుని కాపాడి, ఆ సాహసానికి ఇచ్చే బహుమానము తనకు కాక అతనికే ఇవ్వమని పట్టుబట్టాడు. డీలియమ్ వద్ద సైన్యము చెల్లాచెదరై పారిపోతుంటే, ఆయన తొందర లేకుండ చుట్టూ చూసుకొంటూ నడిచి వచ్చాడని చెబుతారు.

నాకు తెలియదనే జ్ఞానము

ఆయన స్నేహితుడు కైరెఫోన్ డెల్ఫీ అనే పుణ్యక్షేత్రమునకు వెళ్లి, సోక్రటీసు కంటె జ్ఞాని ఉన్నాడా అని అడిగితే, ఎవరూ లేరని జవాబు వచ్చింది. ఈ మాట విని సోక్రటీసు పొంగిపోలేదు, నమ్మలేదు. తనకంటె జ్ఞానిని చూపి ఆ మాట తప్పని తేల్చాలని బయలుదేరాడు. రాజకీయ నాయకులను ప్రశ్నించాడు, కవులను ప్రశ్నించాడు, చేతిపనివారిని ప్రశ్నించాడు. ప్రతివారు తమకు తెలియని సంగతులు కూడ తెలుసునని అనుకుంటున్నారు. తనకు తెలియదన్న సంగతి మాత్రము తనకు తెలుసు. తేడా అంతే అని ఆయన గ్రహించాడు.

అప్పటి నుండి సంతవీధిలో నిలబడి, ఎదురైన వారితో మాట్లాడడమే ఆయన పని అయింది. నీతి అంటే ఏమిటి, ధైర్యము అంటే ఏమిటి, భక్తి అంటే ఏమిటి అని అడిగేవాడు. ధనము, పేరు సంపాదించడానికి పడే శ్రమలో కొంతైనా ఆత్మ మేలు కొరకు పడుతున్నారా అని మందలించేవాడు. ఆ కాలములో ఉపన్యాస విద్య నేర్పే పండితులు పెద్ద మొత్తములు తీసుకొనేవారు. ఈయన ఒక్క కాసు తీసుకోలేదు. తనలో ఒక స్వరము వినబడుతుందని, చేయరాని పని చేయబోతే అది అడ్డు చెబుతుందని, ముందుకు నెట్టడము మాత్రము ఎన్నడూ చేయదని చెప్పేవాడు.

రెండు పరీక్షలు

నీతిని గూర్చి మాట్లాడడము సులభము. ఆయన జీవితములో రెండుసార్లు మాట కాదు, క్రియ చూపవలసి వచ్చింది.

మొదటిది క్రీ.పూ. 406లో. అర్గినూసే దగ్గర ఏథెన్సు ఓడలు గెలిచాయి గాని, తుఫాను వలన మునిగిపోతున్న తమ వారిని సేనాధిపతులు రక్షించలేకపోయారు. ప్రజలు కోపముతో ఊగిపోయి, సేనాధిపతులందరికి కలిపి ఒకే ఓటుతో తీర్పు చేయమన్నారు. ప్రతివానికి వేరుగా విచారణ జరగాలని చట్టము. ఆ సమయములో సోక్రటీసు సభా నిర్వాహకులలో ఒకడు. తోటివారు జనసమూహమునకు భయపడి లొంగారు. ఆయన మాత్రము చట్టమునకు విరుద్ధమైన దానికి ఒప్పుకోలేదు. అయినా ఆరుగురికి మరణశిక్ష అమలు చేశారు. తర్వాత ప్రజలు పశ్చాత్తాపపడ్డారు.

రెండవది క్రీ.పూ. 404లో. ఏథెన్సు ఓడిపోయిన తర్వాత ముప్పదిమంది నిరంకుశులు అధికారము చేపట్టారు. సలామిస్ ద్వీపమునకు చెందిన లియోన్ అనే నిరపరాధిని చంపడానికి పట్టి తెమ్మని అయిదుగురిని పంపారు. వారిలో సోక్రటీసు ఒకడు. మిగిలిన నలుగురు సలామిస్‌కు వెళ్లారు. సోక్రటీసు తన ఇంటికి వెళ్లిపోయాడు. ఆ ప్రభుత్వము త్వరలో కూలిపోకపోతే ఆయనకు అప్పుడే మరణము వచ్చి ఉండేది.

మొదటిసారి జనసమూహము అడిగింది, రెండవసారి పాలకులు అడిగారు. ఆయన ఇద్దరికీ లొంగలేదు. పిలాతు ఏమి చేశాడో తెలిసిన మనము ఈ రెండు సంగతులను తేలికగా దాటిపోలేము.

తీర్పు

క్రీ.పూ. 399లో, ఆయనకు 70 సంవత్సరముల వయస్సులో, మెలీటస్, ఆనిటస్, లైకాన్ అనే ముగ్గురు ఆయన మీద నేరము మోపారు. పట్టణపు దేవతలను అంగీకరించడము లేదు, క్రొత్త దైవములను తెస్తున్నాడు, యౌవనస్థులను చెడగొడుతున్నాడు. ఇవీ నేరములు. దీని వెనుక రాజకీయము కూడ ఉన్నది. దేశమునకు ద్రోహము చేసిన ఆల్సిబియడీస్, ముప్పదిమంది నిరంకుశులలో నాయకుడైన క్రిటియస్, ఇద్దరూ ఒకప్పుడు ఆయన వెంట తిరిగినవారే.

సుమారు 500 మంది న్యాయసభ్యుల ముందు విచారణ జరిగింది. అప్పటి అలవాటు ప్రకారము భార్యాబిడ్డలను తెచ్చి ఏడ్పించి జాలి పుట్టించవచ్చును. ఆయనకు భార్య జాంతిప్పె, ముగ్గురు కుమారులు ఉన్నారు. వారిని తేలేదు. తన పని దేవుడు అప్పగించినదని, మనుష్యుల కంటె దేవునికే లోబడతానని చెప్పాడు. ముప్పది ఓట్లు అటు మారితే విడుదల అయ్యేవాడు. శిక్ష ఏదో నీవే చెప్పుకొమ్మంటే, మొదట తనను పట్టణపు ఖర్చుతో భోజనము పెట్టి పోషించాలన్నాడు. చివరకు స్నేహితుల పూచీ మీద జరిమానా కడతానన్నాడు. వారు మరణశిక్షే విధించారు.

చెరసాలలో

ఆ సమయములో డీలోస్ ద్వీపమునకు ఒక పవిత్రమైన ఓడ వెళ్లి ఉన్నది. అది తిరిగి వచ్చే వరకు ఎవరినీ చంపకూడదు. అందువలన ఆయన ఒక నెల దినములు చెరలో ఉన్నాడు. బాల్యస్నేహితుడు క్రిటో తెల్లవారుజామున వచ్చి, కావలివారికి డబ్బు ఇచ్చి తప్పించే ఏర్పాటు అంతా అయిందన్నాడు. సోక్రటీసు కదలలేదు. అన్యాయము పొందినవాడు తిరిగి అన్యాయము చేయకూడదని, కీడుకు ప్రతికీడు తగదని అతనితో వాదించాడు. కొండమీది ప్రసంగమునకు నాలుగు శతాబ్దముల ముందు, చెరసాల చీకటిలో, ఒక అన్యుడు ఈ మాట పట్టుకొని ప్రాణము విడవడానికి సిద్ధపడ్డాడు.

చివరి దినమున స్త్రీలకు తన శవమును కడిగే శ్రమ ఉండకూడదని తానే స్నానము చేశాడు. పిల్లలను చూసి పంపించాడు. విషము త్రాగే వేళ అయిందని చెప్పడానికి వచ్చిన బంట్రోతు ఏడిస్తే అతనిని మెచ్చుకున్నాడు. హెమ్లాక్ అనే చెట్టు రసమును గిన్నెలో ఇచ్చారు. త్రాగి, కాళ్లు బరువెక్కే వరకు అటూ ఇటూ నడిచి పడుకున్నాడు. ఆఖరున క్రిటోతో, ఆస్క్లేపియస్ అనే వైద్య దేవతకు ఒక కోడిపుంజు బాకీ ఉన్నాము, మరువక చెల్లించమన్నాడు.

ఈ కోడిపుంజు మాట దాచిపెట్టి కథ చెప్పడము న్యాయము కాదు. సోక్రటీసు ఆఖరి శ్వాస వరకు ఆ దేశపు దేవతలను కొలిచినవాడే. ఆయన బానిసత్వమును ఖండించినట్లు కూడ శిష్యుల వ్రాతలలో కనబడదు. మంచివాడే గాని, మనకు వలెనే చీకటిలో పుట్టినవాడు.

తర్వాత వచ్చిన క్రైస్తవుల తీర్పులు

క్రీస్తు శకము రెండవ శతాబ్దములో, సమరయలో పుట్టిన జస్టిన్ అనే విశ్వాసి రోమా చక్రవర్తికి క్రైస్తవుల పక్షమున విన్నపము వ్రాశాడు. యోహాను సువార్త మొదటి అధ్యాయములోని వాక్యము ప్రతి మనుష్యునిలోను విత్తబడి ఉన్నాడని, ఆ వాక్యము ప్రకారము బ్రతికిన సోక్రటీసు వంటివారు క్రీస్తువారేనని ఆయన అభిప్రాయము. అదే జస్టిన్ మరొక మాట కూడ వ్రాశాడు. సోక్రటీసు బోధ కొరకు ఎవరూ ప్రాణము పెట్టలేదు, క్రీస్తు కొరకైతే చదువులేని చేతిపనివారు సైతము మరణమును లెక్కచేయలేదు అన్నాడు. ఆయన కూడ 165 ప్రాంతములో రోములో హతసాక్షి అయ్యాడు.

తెర్తుల్లియను దీనికి ఒప్పుకోలేదు. ఆ కోడిపుంజును ఎత్తి చూపి హేళన చేశాడు. అగస్టీను, నిజదేవుని ఎరుగని సద్గుణము సద్గుణమే కాదన్నాడు. 14వ శతాబ్దపు ఇటలీ కవి దాంతే తన కావ్యములో సోక్రటీసును నరకపు మొదటి వలయములో ఉంచాడు. అక్కడ బాధ లేదు గాని నిరీక్షణ కూడ లేదు.

సంస్కరణ కాలములో స్విట్జర్లాండు దేశపు జూరిచ్ నగరములో జ్వింగ్లీ, 1531లో ఫ్రాన్సు రాజుకు వ్రాసిన విశ్వాస వివరణలో, పరలోకములో మీరు చూడబోయే వారిలో సోక్రటీసు కూడ ఉంటాడని చెప్పాడు. లూథరు అది చదివి మండిపడ్డాడు. మనము ఇక్కడ ఒక క్షణము ఆగాలి. అదే జూరిచ్ నగరములో 1527 జనవరి 5న, విశ్వసించినవారే బాప్తిస్మము పొందాలని బోధించిన ఫీలిక్స్ మాంజ్‌ను నగర సభ తీర్పుతో లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. జ్వింగ్లీ ఆ శిక్షకు అడ్డు చెప్పలేదు. రెండు వేల సంవత్సరముల నాటి అన్యునికి పరలోకములో పీట వేయగలిగిన వారు, పక్క వీధిలోని సహోదరునికి తమ ఊరిలో చోటు ఇవ్వలేకపోయారు. చనిపోయినవారిని గూర్చి దయగా ఉండడము కంటె బ్రతికి ఉన్నవారిని గూర్చి దయగా ఉండడము కష్టము.

అదే సంతవీధిలో పౌలు

సోక్రటీసు చనిపోయిన సుమారు 450 సంవత్సరములకు అపొస్తలుడైన పౌలు ఏథెన్సుకు వచ్చాడు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము తీసి చదవండి. సోక్రటీసు నిలబడిన సంతవీధిలోనే ప్రతిదినము ఎదురైన వారితో పౌలు తర్కించాడు. ఆయన మీద కూడ అన్య దేవతలను ప్రచురిస్తున్నాడని అనుమానపడ్డారు. అరేయొపగు సభకు తీసుకొని వెళ్లారు. అక్కడ పౌలు వారి పితరులను తిట్టలేదు, వారికి కిరీటములు కూడ పెట్టలేదు. దేవుడు ఆ అజ్ఞాన కాలములను చూచీచూడనట్టు ఉన్నాడని, ఇప్పుడైతే అందరూ మారుమనస్సు పొందాలని ఆజ్ఞాపిస్తున్నాడని చెప్పాడు. పితరుల సంగతి దేవునికి విడిచి, ఎదుట నిలిచిన వారిని పిలిచాడు. దియొనూసియు, దమరి మొదలైన కొందరు విశ్వసించారు.

వాక్యమంతటిలో ఇదే పద్ధతి కనబడుతుంది. కొర్నేలీ ప్రార్థనలు, ధర్మకార్యములు దేవుని సన్నిధికి చేరాయి. అయినా పేతురు అతని ఇంటికి వెళ్లి సువార్త చెప్పవలసి వచ్చింది. యేసు నామమున తప్ప రక్షణ లేదన్నది మన విశ్వాసము, అందులో మార్పు లేదు. ధర్మశాస్త్రము లేని అన్యజనుల హృదయములలో దాని సారము వ్రాయబడి ఉన్నదని రోమా పత్రిక రెండవ అధ్యాయము చెబుతుంది. వారికి తీర్పు తీర్చేవాడు క్రీస్తే గాని మనము కాదు.

నీనెవె వారిని, దక్షిణదేశపు రాణిని ప్రభువు పేర్కొన్నప్పుడు (మత్తయి 12:41, 42), వారు విమర్శ దినమున లేచి, తన మాట విన్న తరము మీద నేరము మోపుతారన్నాడు. అంటే మంచి అన్యుని ప్రభువు మన ముందు నిలబెట్టేది, అతని గతి ఏమిటో మనము తేల్చడానికి కాదు. అంత తక్కువ వెలుగులో అతడు అలా నడిస్తే, ఇంత వెలుగులో ఉన్న నీవు ఎలా నడుస్తున్నావని అడగడానికి.

మన పితరుల సంగతి

మన తెలుగు బాప్టిస్టుల చరిత్రలో ఈ ప్రశ్న కొత్త కాదు. 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య, యేసును ఎరుగకముందే యోగమార్గములో దేవుని వెదకినవాడు. తోళ్ల వ్యాపారము చేసుకొంటూనే వెదికాడు. సువార్త విన్నప్పుడు తాను వెదకినది ఇదేనని గుర్తుపట్టాడు. ఆయనతో పాటు వెదకి, సువార్త చేరకముందే మట్టిలో కలిసినవారు ఎందరో. 1876 నుండి 1878 వరకు వచ్చిన మహా కరువులో మన పల్లెలలో లెక్కలేనంతమంది చనిపోయారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ దినమును మనము పండుగగా తలచుకుంటాము. ఆ నీటిలో దిగిన ప్రతి కుటుంబమునకు, ఆ దినము వరకు బ్రతకని ఒక తల్లి, ఒక తండ్రి, ఒక బిడ్డ ఉండే ఉంటారు. వారిని తలచుకొని కన్నీరు పెట్టడము అవిశ్వాసము కాదు.

ఆ పెద్దాయన ఇప్పుడు ఆ ప్రశ్న అడిగితే మేము ఏమి చెబుతాము? ముందు ఆయన పక్కన కూర్చుంటాము. ఆమె పేరేమిటని, ఆ పసివాడు ఏమయ్యాడని అడుగుతాము. సర్వలోకమునకు తీర్పు తీర్చేవాడు న్యాయము చేస్తాడని అబ్రాహాము నమ్మిన దేవుని చేతిలో ఆమె ఉన్నదని చెబుతాము. ఆయన సిలువను చూసిన తర్వాత, ఆయన మనసులో మనకంటె తక్కువ జాలి ఉంటుందని అనుకోలేమని చెబుతాము. అంతకు మించి మాకు తెలియదని ఒప్పుకుంటాము. తెలియని చోట తెలియదని చెప్పడము ఒక అన్యుడు చేయగలిగాడు. అప్పుడు మేము చేయలేకపోయాము.

ప్రియులారా, మీ పొరుగున సువార్త వినని మంచివారు ఉన్నారు. వారి మంచితనమును తక్కువ చేయకండి. అది దేవుడు ఇచ్చిన వెలుగే. వారు మంచివారు గదా, చెప్పనవసరము ఏమున్నదని మౌనముగా కూడ ఉండకండి. కొర్నేలీ ఇంటికి పేతురు వెళ్లవలసి వచ్చినట్లే, వారి ఇంటికి మీరు వెళ్లాలి. గెలవడానికి కాదు, పంచుకోవడానికి వెళ్లండి. వెళ్లే ముందు, వారు మన జీవితములో ఏమి చూస్తున్నారో ప్రభువు ఎదుట పరీక్షించుకుందాము.

తనను వెదకువారికి తాను దూరముగా లేని దేవుడు మనకందరికి తోడై ఉండును గాక. ఆమేన్.